మీకూ మాకూ మధ్యే

మార్చి 3, సోమవారం

పిల్లుల మాస్టారి పాలసీ పూర్తయింది. రిటైరైన లెక్కల మాస్టారు, తన పిల్లుల ఫొటోలు పెట్టుకోవడానికి ఒక వెబ్‌సైటు నడుపుతాడు. అందులో ప్రకటనలు వేసుకుందామని, వాటిని ఇచ్చే నెట్‌వర్క్‌కి దరఖాస్తు పెడితే, ముందు ప్రైవసీ పాలసీ పేజీ ఉండాలన్నారట. "పిల్లులకి ప్రైవసీ ఎందుకమ్మా, నడివీధిలో పడుకుంటాయి" అని ఫోన్లో వాదనకి దిగాడు. పిల్లులకి కాదండీ, చూడటానికి వచ్చేవాళ్ళకి అన్నాను. "వచ్చేవాళ్ళ గురించి నాకేం తెలుసు?" అన్నాడు. మీకు తెలియదు, ప్రకటనలవాళ్ళకి తెలుస్తుంది, ఆ ముక్క చెప్పడానికే ఈ పేజీ అన్నాను. "నువ్వు చెప్తుంటే నాకే భయమేస్తోంది. చదివేవాళ్ళకి భయం వేయకుండా రాయి" అన్నాడు.

వెబ్‌సైట్లకి ఇలాంటి పేజీలు రాసిపెట్టే నా ఉద్యోగం మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. నిజం రాయాలి. ఎవరికీ భయం వేయకూడదు.

పొద్దున స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో ఏదో చేతికి తగిలింది. బఠాణీ గింజంత. నొప్పి లేదు. చెయ్యి మార్చి చూశాను. ఉంది.

ఏమీ అయ్యుండదు.

మార్చి 4, మంగళవారం

ఉంది.

మార్చి 6, గురువారం

అక్క ఫోన్ చేసింది. తన సైటుకి కూడా ప్రకటనలు వేస్తుందట. ఇన్నాళ్ళూ జీతంలోంచి తీసి నడిపింది, ఇక తనవల్ల కాదంది. అమ్మ చనిపోయిన ఏడాదే అక్క మొదలుపెట్టింది ఆ సైటు. ఆడవాళ్ళు పైకి చెప్పుకోలేని ఒంటి బాధలన్నీ అందులో ఉంటాయి. ఒక డాక్టరమ్మ జవాబులు రాసిస్తుంది. అమ్మ తన గడ్డని ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా దాచింది. చెప్పేసరికి డాక్టర్లు మా మొహాల్లోకి చూసి మాట్లాడటం మానేశారు. "ఒక్క మనిషి ముందుగా చదివి వెళ్ళి చూపించుకున్నా నాకు చాలే" అంటుంది అక్క, ఎప్పుడు ఆ సంగతి వచ్చినా.

ఇవాళా అంది. నాకు మాట గొంతు దాకా వచ్చింది. "పాలసీ రేపటికల్లా రాసిస్తా" అన్నాను.

"మొదటి వాక్యం నేను చెప్తా, అట్లాగే పెట్టు" అంది. "మీరు ఇక్కడ చదివింది మీకూ మాకూ మధ్యే ఉంటుంది. రాసుకున్నావా?"

"అక్కా, ప్రకటనలు వేశాక అది అబద్ధమవుతుంది."

"ఏం అబద్ధం? నేనెవరికైనా చెప్తానా?"

"నువ్వు చెప్పవు. ప్రకటనలవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ఏ కంప్యూటర్లో ఏ పేజీ తెరిచారో చూసుకుని, దానికి తగ్గ ప్రకటనలే ఆ కంప్యూటర్లో చూపిస్తారు."

"పేరు తెలుస్తుందా?"

"పేరు తెలియదు."

"మరింకేం! నువ్వు ప్రతిదానికీ కీడెంచుతావు."

కీడెంచి మేలెంచమన్నారు కదా అందామనుకున్నాను. ఈ వారం నేను ఎంచుతున్న కీడు వేరే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

మార్చి 10, సోమవారం

అక్క దరఖాస్తు తిరస్కరించారు. పాలసీ సైటుకి సంబంధించినట్టు లేదట.

ఇలాంటి పాలసీ ఎవరూ ఖాళీ పేజీ మీద మొదలుపెట్టరు. పాతది తీసుకుని, సైటు పేరు మార్చి, అక్కర్లేనివి కొట్టేసి, కావలసినవి చేరుస్తాం. అక్కది పిల్లుల మాస్టారి దాంట్లోంచి చేశాను. నాలుగో పేరాలో అలాగే ఉండిపోయింది: "మీరు పంపిన మీ పిల్లి ఫొటోను మీ అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వము."

అక్క కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఆడవాళ్ళు ఏడుస్తూ వచ్చే చోట పిల్లుల్ని దూర్చావేంటే! నీ మనసెక్కడుంది?"

నా మనసెక్కడుందో చెప్తే నవ్వు ఆగిపోయేది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

మార్చి 12, బుధవారం

పాలసీ మళ్ళీ పంపాను. ఈసారి ప్రతి పేరా పైకి చదివి చూసుకున్నాను. చదివింది గుర్తుపెట్టుకోవడానికి బయటివాళ్ళు కంప్యూటర్లో పెట్టే కుకీల గురించి ఒకటి, వద్దనుకుంటే ఎలా ఆపుకోవాలో ఒకటి, ఎవరికి రాయాలో ఒకటి. నెట్‌వర్క్ అడిగినవన్నీ ఉన్నాయి.

పైన ఆ వాక్యం కూడా ఉంది. తీసేయలేదు. అక్క కోసం.

అక్క కోసమే.

మార్చి 17, సోమవారం

ఒప్పుకున్నారు. వాళ్ళకి కావలసిన పేరాలు ఉన్నాయా లేదా అన్నదే చూస్తారు. పై వాక్యానికీ కింది పేరాలకీ పొంతన లేదని ఎవరికీ పట్టలేదు. అక్క సంతోషం పట్టలేకపోతోంది.

ఉంది. పెరగలేదు. పెరగలేదనే అనుకుంటున్నాను.

మార్చి 18, మంగళవారం

అక్క సైటులో ప్రకటనలు మొదలయ్యాయి. కొత్తవాళ్ళు పేజీ తెరవగానే అడుగున పాలసీ పట్టీ, అదే బ్యానర్, వచ్చి వాళ్ళు మూసేదాకా ఉండాలి. వస్తోందో లేదో చూడటం నా పని. చూడాలంటే ఏదో ఒక పేజీ తెరవాలి. రొమ్ములో గడ్డల పేజీ తెరిచాను. అక్షర క్రమంలో అది ముందేమీ రాదు. అయినా ఏదో ఒకటి తెరవాలి కదా.

బ్యానర్ బాగానే వస్తోంది.

మార్చి 19, బుధవారం

బ్యానర్ ఇంకోసారి చూశాను. వస్తోంది.

మార్చి 20, గురువారం

చూశాను. బ్యానర్‌కి సరిగ్గా పైన డాక్టరమ్మ వాక్యం ఒకటి ఉంటుంది, "గడ్డలన్నీ ప్రమాదకరమైనవి కావు" అని. బ్యానర్ చూసేవాళ్ళకి అది ఎటూ కనిపిస్తుంది. ఆ తర్వాతి వాక్యం, "కానీ చూపించుకోనిదే ఏదీ తెలియదు" అన్నది, బ్యానర్ కింద పడిపోతుంది. అది చదవాలంటే బ్యానర్‌ని మూసేయాలి. నేను బ్యానర్ కోసం వచ్చినదాన్ని, దాన్నెందుకు మూస్తాను?

మార్చి 21, శుక్రవారం

పేజీ తెరిచి ఉండగా అత్తయ్య మంచినీళ్ళు పట్టుకుని వెనక నిలబడింది. గబుక్కున వాతావరణం పేజీకి మార్చాను. "ఎండ బాగా ఉంది అత్తయ్యా" అన్నాను. బయట వాన.

మార్చి 24, సోమవారం

అత్తయ్య ఏదోలా ఉంది.

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, హాల్లో కిటికీ పక్కన. పొద్దున నాది, మధ్యాహ్నం ఆవిడది. భోజనం కాగానే పేకాట తెరిచి, ఓడిపోతే కంప్యూటర్‌నీ, గెలిస్తే తన బుర్రనీ తలుచుకుంటూ ఉంటుంది. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. పక్కింటావిడ మోకాలి ఆపరేషన్ పక్కింటివాళ్ళకంటే ముందు వీధికి తెలిసింది ఈవిడ వల్లే. అలాంటి మనిషి ఇవాళ ముక్కలు కదపకుండా తెర వైపే చూస్తూ కూర్చుంది. నేను రాగానే లేచిపోయింది.

సాయంత్రం టీ తాగుతూ అడిగింది. "అమ్మాయ్, మనం చెప్పనివి కూడా ఆ కంప్యూటర్‌కి తెలుస్తాయా?"

"ఎందుకత్తయ్యా?"

"ఊరికే."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే ఎడమ పక్కకి వెళ్ళింది. ఆవిడ చూసిందో లేదో తెలియదు.

మార్చి 25, మంగళవారం

నాకిప్పుడు తెలిసింది.

పొద్దున వార్తలు తెరిస్తే పక్కన గులాబీరంగు పెట్టె. "రొమ్ములో గడ్డ తగిలిందా? ఆలస్యం వద్దు, నేడే రండి." ఏదో ఆసుపత్రి. వాతావరణం తెరిచాను, అక్కడా అదే. ఆవిడ పేకాట తెరిచాను, ముక్కల పక్కనే అదే. చివరికి పిల్లుల మాస్టారి సైటుకి వెళ్ళాను. బొద్దుగా ముడుచుకుని పడుకున్న తెల్లపిల్లి, పక్కన "ఆలస్యం వద్దు."

ఇది ఎలా జరుగుతుందో ఈ వీధిలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ పేరా ఎన్ని సైట్లకి రాశానో. అయినా నా సంగతి అనుకోలేదు. రాసేటప్పుడు అది ఎప్పుడూ ఎవరో "సందర్శకుల" గురించి.

చూసిన పేజీలూ కుకీలూ మొత్తం తుడిచేశాను. ఏమీ మిగలలేదు. కంప్యూటర్ కడిగిన పళ్ళెంలా ఉంది.

ఆవిడ చూసే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం ఆ పెట్టె పక్కనే కూర్చుంది కదా. మా ఆయనకి చెప్పేస్తుంది. వీధికి చెప్పేస్తుంది. నేను ఇంకా నాకే సరిగా చెప్పుకోలేదు.

మార్చి 26, బుధవారం

తుడిచాక బ్యానర్ మళ్ళీ వస్తోందో లేదో చూడాలి కదా. ఒక్కసారే తెరిచాను.

మధ్యాహ్నానికి గులాబీ పెట్టె తిరిగొచ్చింది.

మార్చి 27, గురువారం

ఆఫీసు నుంచి రాగానే ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. అయిపోయింది అనుకున్నాను.

"అమ్మ నీతో ఏమైనా అందా?" అన్నారు.

"ఏమని?"

"బీరువా సర్దేస్తోంది. ఊలు శాలువా పెద్ద చెల్లికట, గడియారం నాకట. పక్కన కూర్చోబెట్టుకుని నేను పుట్టినప్పటి సంగతులు చెప్పింది. అమ్మ ఎప్పుడైనా అట్లా మాట్లాడిందా? నాకేదో భయంగా ఉంది."

నాకు అర్థం కాలేదు. నా సంగతి తెలిస్తే ఆవిడ బీరువా ఎందుకు సర్దుతుంది?

"నువ్వు కూడా ఈమధ్య అదోలా ఉన్నావు" అన్నారు.

"పని ఎక్కువగా ఉంది."

అబద్ధమాడటం ఇంత తేలికని తెలియదు. వెంటనే నమ్మేశారు పాపం. అందుకే ఎక్కువ బాధేసింది.

మార్చి 29, శనివారం

ఆయన బజారుకెళ్ళారు. అత్తయ్య నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఎప్పుడూ నా గదిలోకి రాదు.

"నిజం చెప్పు. నాకెంత కాలం ఉంది?"

"ఏంటత్తయ్యా?"

"నా దగ్గర దాచకమ్మా. నాకు తెలిసిపోయింది. అది రోజూ చెప్తూనే ఉంది."

"ఏది?"

"నీ కంప్యూటర్! పేక ముక్క తిప్పేలోగా గడ్డ ఉందా, ఆలస్యం వద్దు, నేడే రా అంటుంది. మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత ఆలోచించాను. నిరుడు నా రక్తపరీక్షల కాగితాలు అబ్బాయి అందులోనే కదా ఎక్కించాడు? వాటిలో దానికేదో కనబడి ఉంటుంది. మన డాక్టరు మొహమాటస్థుడు. నోటితో చెప్పలేక ఇట్లా చెప్పిస్తున్నాడు."

నాకు నవ్వు రావాలి. రాలేదు.

"నువ్వు కూడా నన్ను చూడగానే పేజీ మార్చేస్తున్నావు. వానలో ఎండ కాస్తోందన్నావు. నాకు తెలియకూడదని తల్లీ, నీ అవస్థ చూస్తే నాకే జాలేసింది." నా తల నిమిరింది. "రొమ్మంతా తడిమి చూసుకున్నాను. ఒకసారి ఉన్నట్టుంటుంది, ఒకసారి లేనట్టుంటుంది. నిద్ర పట్టడం లేదు."

ఒక్క వాక్యం. అవి మీకు కాదు, నాకు. అంతే చెప్తే చాలు, ఆవిడ వెళ్ళి హాయిగా పడుకునేది. నేనేమన్నానో ఇక్కడ రాసుకోవాలి, లేకపోతే రేపటికి వేరేలా గుర్తుంటుంది.

"అవి అందరికీ వస్తాయత్తయ్యా" అన్నాను.

"అందరికీ వస్తే అబ్బాయి ఫోన్లో ఎందుకు రావడంలేదు? నా ఫోన్లో ఎందుకు రావడంలేదు? చూశాను."

కంప్యూటర్లు తెలిసిన పాతికేళ్ళ పిల్ల అడగాల్సిన ప్రశ్న. నా దగ్గర జవాబుంది. ఇవ్వలేదు.

"పోనీ ఒకసారి పరీక్ష చేయించుకుందాం, మీ అనుమానం తీరిపోతుంది" అన్నాను. అంటే, నాకున్న గడ్డకి ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను.

"నువ్వు రావాలి. అబ్బాయికి చెప్పొద్దు. వాడు తట్టుకోలేడు."

"వస్తాను."

"నువ్వుండబట్టి సరిపోయింది" అంది. దానికంటే నన్ను కొట్టినా బాగుండేది.

మార్చి 31, సోమవారం

బుధవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. ఆ గులాబీ పెట్టెలోని ఆసుపత్రే. ఆవిడ అక్కడికే వెళ్దామంది, "వాళ్ళకైతే సంగతి ముందే తెలుసు కదా" అని.

చెప్పలేదు. రేపు చెప్తాను.

ఏప్రిల్ 1, మంగళవారం

చెప్పలేదు.

పొద్దున అమ్మ గుర్తొచ్చింది. ఏడాదిపాటు ఏమని చెప్పుకుందో తనకి తాను. అమ్మ మీద ఇన్నేళ్ళూ కోపంగా ఉండేది నాకు, ఎందుకు చెప్పలేదమ్మా అని. ఇప్పుడు ఆ కోపం కూడా పోయింది. ఏమీ మిగలలేదు, భయం తప్ప. నాకు చాలా భయంగా ఉంది. అమ్మలా పోతానని భయం.

ఏప్రిల్ 2, బుధవారం

ఆసుపత్రిలో వరసగా ఇనప కుర్చీలు, గోడకి టీవీ, దాంట్లో శబ్దం లేదు. అత్తయ్య ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకొచ్చింది. కౌంటర్లో నర్సు అత్తయ్య పేరు రాసుకుని కూర్చోమంది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. నేను కదిలినా వదల్లేదు. ఇంట్లో ఎలక వస్తే చెప్పు తీసుకుని బయల్దేరే మనిషి ఆవిడ.

"చూడమ్మా" అంది మెల్లిగా. "ఏదైనా ఉందంటే నాతో అప్పుడే చెప్పనివ్వకు. ముందు నువ్వు విను. ఒక రోజు ఆగి, నువ్వే నాకు చెప్పు. నువ్వు ఎవరికీ భయం వేయకుండా చెప్తావు. నీ పనే అది కదా."

ఇక నావల్ల కాలేదు.

"అత్తయ్యా, అవి మీకు కాదు" అన్నాను. "ఆ ప్రకటనలు నాకు. గడ్డ ఉన్నది నాకు. అక్క సైటులో రోజూ దాని గురించే చదువుతున్నాను. చదివింది గుర్తుపెట్టుకుని అది చూపిస్తోంది. మీరు కూర్చున్నా నేననుకుని చూపిస్తోంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత పట్టుకున్న చెయ్యి వదిలి, జబ్బ మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే. పక్క కుర్చీలో ఆవిడ ఉలిక్కిపడింది.

"ఇన్నాళ్ళూ నన్ను చావు భయంతో చంపుతావా? శాలువా కూడా ఇచ్చేశాను కదే!"

"క్షమించండత్తయ్యా."

"నోర్ముయ్." కళ్ళనిండా నీళ్ళు. "ఎప్పటినుంచి?"

"నెల."

"మీ అమ్మని చూసి కూడా!" అంది. ఆ మాట అనకపోతే బాగుండేది. అనాల్సిన మాటే. "ఎక్కడ?"

చూపించాను. ఆవిడ ఆ వైపే చూస్తూ గట్టిగా ఊపిరి పీల్చుకుని, లేచి, కౌంటర్ దగ్గరికి నడిచింది.

"అమ్మాయ్, ఆ పేరు మార్చు. పేషెంటు నేను కాదు, మా కోడలు."

నర్సు విసుక్కుంది. "ఎవరో ఒకరు చెప్పండమ్మా. పేషెంటు మీరా, ఆవిడా?"

అత్తయ్య వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను లేచి వెళ్ళి నా పేరు చెప్పాను. నెల తర్వాత మొదటిసారి పైకి చెప్పాను, ఎడమ రొమ్ములో గడ్డ అని. నర్సు మొహంలో ఏ మార్పూ లేదు. రాసుకుంది, అంతే.

"పాత పేరు కొట్టేయకు. నన్ను కూడా చూడండి, ఎలాగూ వచ్చాను" అంది అత్తయ్య.

ఆవిడకేమీ లేదు. నాకు ఎక్స్‌రే ఫొటో తీసి, సూదితో చిన్న ముక్క తీశారు. రిపోర్టు మంగళవారం. డాక్టరు నా మొహంలోకి చూసే మాట్లాడింది. అది గమనించాను.

ఏప్రిల్ 3, గురువారం

రాత్రే ఆయనకి చెప్పాను. "పని ఎక్కువగా ఉందన్నావు" అన్నారు. పొద్దున ఆఫీసుకి వెళ్ళలేదు.

అక్కకి ఫోన్ చేశాను. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. "ఒక్క మనిషి చదివి వెళ్తే చాలన్నాను. ఆ మనిషి నువ్వే అవుతావనుకోలేదే. చదివి కూడా వెళ్ళలేదు కదే నువ్వు!"

తను కాస్త తేరుకున్నాక, కొత్త పాలసీ చదివి వినిపించాను. పొద్దునే రాశాను. ఈసారి పాతదాన్ని తెరవలేదు.

"మీరు ఇక్కడ చదివింది మీకూ మాకూ మధ్యే ఉండదు. ప్రకటనలవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. మీ పేరు వాళ్ళకి తెలియదు. కానీ ఇదే కంప్యూటర్ వాడే మీ ఇంట్లోవాళ్ళకి ఆ ప్రకటనలు కనిపిస్తాయి, వాళ్ళు తమకేననుకుని భయపడవచ్చు. ఎలా ఆపుకోవాలో కింద రాశాం. ఆపుకున్నా సరే, ఇంట్లో ఎవరో ఒకరికి మీరే చెప్పండి."

"పాలసీలో ఇట్లాంటివి రాస్తారా?" అంది అక్క.

"రాయరు."

"నెట్‌వర్క్ అడిగిందా?"

"అడగలేదు."

"పెట్టు. అయినా ఆ గడ్డల పేజీ మీద ఇక ప్రకటనలు వద్దు, తీసేస్తా."

ఆ మాట అత్తయ్యకి చెబితే ఒప్పుకోలేదు. "తీయొద్దని చెప్పు మీ అక్కకి. అది రోజూ అరవబట్టి కదా నువ్వు కదిలావు? మంచి చెప్పినవాడి నోరు కొడతారా?" అది చెప్పింది మీ మంచికి కాదు, నా మంచికీ కాదు, దాని వ్యాపారం దానిది అన్నాను. "ఎవడి వ్యాపారం వాడిది. నువ్వు వెళ్ళావా లేదా?" అంది.

ఏప్రిల్ 7, సోమవారం

రేపే రిపోర్టు.

పిల్లుల మాస్టారు ఫోన్ చేశాడు. ఆయన సైటులో ప్రకటనలు మొదలై మూడు వారాలైందట, "కానీ నా పిల్లి పక్కన ఏవో ఆడవాళ్ళ ఆసుపత్రి బొమ్మలు కనబడుతున్నాయని మా చెల్లెలు అంది, బాగుంటుందా?" అని అడిగాడు. మీ చెల్లెలు ఈమధ్య ఏమైనా చదువుతున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి అన్నాను. "కనుక్కుంటాను" అన్నాడు, గొంతు మార్చి.

మధ్యాహ్నం పని చేయలేకపోయాను. భయం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడది మా నలుగురికీ తెలుసు. ఆయన నాలుగోసారి టీ పెట్టారు. అక్క రాత్రికి వస్తోంది.

అత్తయ్య కంప్యూటర్ ముందు కూర్చుని పేకాట తెరిచి, నన్ను పిలిచి పక్కన ఇంకో కుర్చీ వేసింది. ముక్కలు పరుచుకున్నాయి. పక్కనే గులాబీ పెట్టె. "ఆలస్యం వద్దు, నేడే రండి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని దాని వైపు చూసింది.

"వెళ్ళొచ్చాంలే. రేపు మళ్ళీ వస్తున్నాం" అని చెప్పి, నా చేతికి మౌస్ ఇచ్చింది.